యుహాక్ కొండ మీది కంచు చెంచా

వేగ్వాన్
2000 మే 14

పెద్దమ్మకి,

కిహున్ దండాలు. నువ్వు పంపిన ఎండు స్క్విడ్ చేపల మూట అందింది. పోస్ట్‌మన్ మూడో అంతస్తు ఎక్కేలోపు మా మెట్ల వరస మొత్తానికి తెలిసిపోయింది, ఉల్లుంగ్ దీవి నుంచి ఏదో వచ్చిందని. పక్కింటావిడ గిన్నె పట్టుకుని వచ్చేసింది కూడా. చెల్లి హ్యాంగ్‌సిమ్ పెట్టిన కొండాకు పచ్చడి మాత్రం మీ కోడలు ఎవరికీ చూపించకుండా దాచేసింది.

రిటైరయ్యాక నేను ఇంట్లో ఆమె కాళ్లకి అడ్డం పడుతున్నానట. అందుకని ఒక పని వెతుక్కున్నాను. ఊరి నీళ్ల శాఖలో ఉన్నన్నాళ్లూ భూమిలో పాతిన గొట్టాలను మెటల్ డిటెక్టర్‌తో వెతికినవాణ్ణే కదా. ఈ వసంతంలో సైన్యం వాళ్లు యుహాక్ కొండ మీద యాభయ్యో ఏటి యుద్ధంలో పోయినవాళ్ల ఆనవాళ్ల కోసం తవ్వకాలు మొదలుపెట్టారు. ఆ యంత్రం పట్టడం చేతనైన స్థానికులు కావాలన్నారు. పేరిచ్చాను. కంగారు పడకు, ముందు మందుపాతరలు చూసే కుర్రాళ్లు నడుస్తారు, వాళ్ల అడుగుల్లోనే మేం నడుస్తాం. మధ్యాహ్నం అందరికీ కింబాప్ అన్నం చుట్టలు పెడతారు. నీ చేతి వంటకి సరిరాదు గానీ, కొండెక్కాక ఏదైనా రుచే.

ఎక్కువగా తూటాలే దొరుకుతాయి. కిందటి వారం శిఖరానికి కొంచెం దిగువన, ఓ బండరాయి వెనక, ఒకే చోట మూడు వస్తువులు దొరికాయి. తూటాల పెట్టెకి ఉండే కొక్కెం, చిల్లుపడిన నీళ్ల సీసా, మట్టి గడ్డకట్టిన ఓ కంచు చెంచా. ఎముక మాత్రం లేదు. ఆ కొండ మట్టికి ఎముకలు నిలవవట. సైనికులకి ఇచ్చింది రేకు చెంచాలు, కంచువి కావు. అంటే వీపున కట్టె చట్రం తగిలించుకుని తూటాలు మోసిన మామూలు మనిషి ఎవరో అయ్యుండాలి అన్నాడు మా దళనాయకుడు. ఆ మోతవాళ్లకి యూనిఫాం లేదు, మెళ్లో పేరు బిళ్ల లేదు. దొరికిన వస్తువు మాట్లాడితేనే వాళ్లెవరో తెలిసేది.

పెదనాన్నని ఆ దిక్కుకే మోతపనికి పట్టుకుపోయారని నాయనమ్మ అనేది. ఆ రోజు ఆయన వెంట ఏం తీసుకెళ్లాడో గుర్తుందా? ఊరికే అడుగుతున్నాను.

మోకాళ్లకి ఆ పట్టీలు వేసుకుంటున్నావా? బీరువాలో దాస్తున్నావని నాకు కబురొచ్చింది.

నీ
కిహున్

*

ఉల్లుంగ్ దీవి
మే 29

ఒరేయ్ కిహున్,

ఊరికే అడిగేవాడివైతే నిన్ను నేను పెంచలేదు. ఏడేళ్లప్పుడు కూడా ఇంతే, రేగుపళ్లు ఎక్కడ దాచానో తెలుసుకోవాలంటే ముందు నా నడుం నొప్పి గురించి అడిగేవాడివి.

ఈ మాటలన్నీ ఫోన్‌లోనే తిడదును. చెవులు సహకరించవు. మొన్న హ్యాంగ్‌సిమ్ నా చెవి దగ్గర ఫోన్ పెట్టి "అమ్మా, అన్నయ్య!" అని అరిస్తే రేవులో వలలు బాగుచేసుకునేవాళ్లు తలెత్తి చూశారు గానీ నాకు సముద్రం హోరే వినపడింది. కాబట్టి కాగితం మీదే తిడుతున్నాను. పొయ్యి బొగ్గుతో నేల మీద నాకు అక్షరాలు నేర్పింది నువ్వే, అనుభవించు.

మీ పెదనాన్న చెంచా నా దగ్గరుంది. కాడ మీద "దీర్ఘాయువు" అని చెక్కి ఉంటుంది, పెళ్లికి మా నాన్న చేయించాడు. నెలకోసారి బూడిదతో తోముతున్నా. మన ఊరు ఆనకట్ట నీళ్లలో మునిగినప్పుడు ఇల్లు వదిలా, దీన్ని వదల్లేదు. రోజూ ఆయన గిన్నెలో అన్నం పెట్టి, మూతేసి, గదిలో వెచ్చటి మూల దుప్పటి కప్పుతున్నా. నీకు తెలుసు, ఆకలేసినా ఆ గిన్నె జోలికి పోకుండా పెరిగావు. అన్నం తినే చెంచాని పళ్లెంలో వదిలేసి లేచినవాడు తిరిగొచ్చి తింటానని లేచినట్టే. ఏ కొండ మీదో దొరికిన చెంచాతో నాకేం పని?

పోయిన నెల హ్యాంగ్‌సిమ్ కూడా చాంద్రమానం తొమ్మిదో నెల తొమ్మిదో రోజు మాటెత్తింది. పోయిన రోజు తెలియనివాళ్లకి తద్దినం పెట్టే రోజది, నాకు తెలీదా! అన్నాచెల్లెళ్లిద్దరూ కూడబలుక్కున్నారన్నమాట. ముసల్దానికి ఓ గిన్నెడు అన్నం దండగ అనిపిస్తోందా మీకు?

ఆ రోజు సంగతి ఇన్నిసార్లు చెప్పా, మళ్లీ చెబుతా. పొద్దున్నే అన్నం తింటున్నారు. గుమ్మంలో పోలీసు నిలబడ్డాడు. కాసేపైనా ఆపుదామని నేను వాడికి బార్లీ నీళ్లిచ్చి కబుర్లు పెట్టుకున్నా. ఈయన లేచి వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి మూతి తుడుచుకుంటూ వచ్చారు. మగాడు వంటింటి గడప దాటడం ఆ ఇంట్లో నేను కళ్లారా చూసింది అదే మొదలు, అదే ఆఖరు. "పొయ్యి ఆర్పెయ్" అన్నారు. అంతే, వెళ్లారు. హ్యాంగ్‌సిమ్ కడుపులో ఉందని చెప్పడానికి కూడా కుదర్లేదు. పైగా ఆ గందరగోళంలో నా వంటింటి చెంచా ఎక్కడో పారేశానని మా అత్తగారు చచ్చేదాకా నన్ను సాధించింది. కొడుకు పోయాడని ఒక్కరోజు ఏడవలేదు, చెంచా పోయిందని ఏడ్చింది.

కొండలెక్కుతున్నావు, మందం మేజోళ్లు వేసుకో.

మీ పెద్దమ్మ
జొమ్రే

*

వేగ్వాన్
జూలై 2

పెద్దమ్మకి,

చెవి మెలిపెట్టినట్టే ఉంది నీ జాబు. మేం కూడబలుక్కోలేదు. నీ గిన్నె జోలికి ఎవరూ రారు.

నువ్వు తేలిగ్గా ఊపిరి పీల్చుకునే కబురు చెబుతాను. దొరికిన వస్తువుల నిజానిజాలు తేల్చడానికి తేగు నుంచి ప్యో గారని ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. నోట్లో ఎప్పుడూ జిన్సెంగ్ బిళ్ల, మెళ్లో భూతద్దం. మొదటిరోజే ఓ పాతసామాన్ల వ్యాపారి ఓ సైనికుడి టోపీ బిళ్ల తెచ్చి, కొండ మీద దొరికిందన్నాడు. ఆవిడ గోటితో గీరింది. తుప్పు పొడిలా రాలింది. "ఉప్పునీళ్లలో ఎన్నాళ్లు నానబెట్టావయ్యా? భూమి పట్టించిన తుప్పు ఇలా రాలదు, లోహాన్ని తింటూ పోతుంది" అంది. ఆయన టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. నేను తెచ్చినవాటిని కూడా అలాగే చూసింది. ఎంత లోతులో ఉంది, ఏ వైపు తిరిగి ఉంది, పక్కన ఏముంది, అన్నీ అడుగుతుంది. చెట్ల వేళ్లు ఎటు పోయాయో చెప్పలేకపోతే, "వస్తువు తెచ్చారు, సాక్షిని అక్కడే వదిలేసొచ్చారు" అని మొట్టికాయ వేస్తుంది.

ఆ కంచు చెంచా ముందు భాగం మట్టి మాత్రం తీసి చూసి, పాతదే, సమ్మెటతో కొట్టి చేసిందే అంది. కానీ అది మనిషి అన్నం తినే చెంచా కాదట. ఒక పక్క అంచు బాగా అరిగిపోయింది. గిన్నె అడుగున మాడు గీకీ గీకీ, బంగాళాదుంపల తొక్క తీసీ తీసీ అలా అరుగుతుందట. అంటే వంటింటి చెంచా, ఏ ఆడమనిషిదో. ఇంకో విశేషం. అందరికీ ఎడమ అంచు అరుగుతుంది, దీనికి కుడి అంచు అరిగింది. ఎడమచేతి వాటం మనిషిది. కొండమీద తలదాచుకోవడానికి వచ్చిన కాందిశీకురాలు పారేసుకుని ఉంటుందని ఆవిడ తేల్చింది. యుద్ధ సామగ్రి కాదని పక్కన పెట్టేసింది.

మన ఇంట్లో ఎడమచేతి వాటం ఎవరికీ లేదు. పెదనాన్న చెంచా నీ దగ్గర భద్రంగా ఉంది. ఇక ఆ మాట మర్చిపో. నిజం చెప్పనా, ఆవిడ కాదన్నప్పుడు నాకు గుండెల మీద బరువు దిగింది. అదేంటో, కాసేపటికి ఏడుపూ వచ్చింది. ఆయన ముఖం నాకు సరిగ్గా గుర్తులేదు పెద్దమ్మా. భుజాల మీద కూర్చోబెట్టుకుంటే పైనుంచి కనిపించే నెత్తి ఒక్కటే గుర్తుంది.

వానాకాలం మొదలైంది, సెప్టెంబర్ దాకా తవ్వకాలు లేవు. మీ అల్లుడి పడవకి ఈసారైనా చేపలు బాగా పడుతున్నాయా?

నీ
కిహున్

*

వేగ్వాన్
ఆగస్టు 24

పెద్దమ్మకి,

జూలై జాబుకి జవాబు లేదు. ఇంకా కోపమా?

హ్యాంగ్‌సిమ్‌కి ఫోన్ చేశాను. నా జాబు చదివిన రోజు నుంచీ నువ్వు ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదట. ఎవరింట్లోనో మూలపడిన ఇనప గిన్నె అడిగి తెచ్చుకుని, ఎలక్ట్రిక్ కుక్కర్ పక్కన పెట్టి, పెరట్లో కట్టెల పొయ్యి మీద అన్నం మాడబెడుతున్నావట. మాడిన గిన్నె ముందు కూర్చుని గీకుతున్నావట, మాడు తినకుండా చేతులకేసి చూసుకుంటున్నావట. "అన్నయ్యా, అమ్మకి మతి తప్పుతోందా?" అని అది ఫోన్‌లో ఏడ్చింది.

పోహాంగ్‌లో మంచి డాక్టరున్నాడు. తుఫాను గాలులు తగ్గగానే నేనొచ్చి నిన్ను పడవెక్కిస్తాను. భయపడాల్సిందేం లేదు, ఈ వయసులో అందరికీ వచ్చేదే.

తప్పంతా నాది. చెంచా ఊసెత్తి నీ మనసు కలతపెట్టాను. ఇక ఆ వస్తువు కూడా మన కంటికి కనపడదు. యుద్ధంతో సంబంధం లేదని పక్కన పెట్టినవన్నీ సెప్టెంబర్ మూడో వారంలో పాత లోహం కింద పంపించేస్తారని ప్యో గారు చెప్పింది. అలాగే కానివ్వండి అన్నాను.

ఒక్క ముక్కైనా రాయి. తిట్టినా సరే.

నీ
కిహున్

*

ఉల్లుంగ్ దీవి
సెప్టెంబర్ 8

ఒరేయ్ కిహున్,

మతి తప్పింది నాకు కాదు, నీకు. ముందు లేచి వెళ్లి ఆ చెంచాని ఆపు. ఆపాకే ఈ జాబు మిగతాది చదువు.

ఆపావా?

నాది ఎడమచేతి వాటంరా.

మూడేళ్లప్పుడు మా అమ్మ నా ఎడమ చేతిని గుడ్డతో నడుముకి కట్టేసింది. ఎడమచేత్తో తినే పిల్లని ఎవరు చేసుకుంటారని. కుడిచేత్తో తినడం నేర్చుకున్నా, కుట్టడం నేర్చుకున్నా, నీతో బొగ్గు పట్టుకుని అక్షరాలు దిద్దింది కూడా కుడిచేత్తోనే. వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు మాత్రం దాని పని దాన్ని చేసుకోనిచ్చేదాన్ని. నువ్వెలా చూస్తావు? మగపిల్లాడు వంటింట్లోకి వస్తే ఉన్నదేదో ఊడి పడుతుందని మీ నాయనమ్మ నిన్ను చీపురుతో తరిమేది కదా. నా చేతి అన్నం తిని పెరిగి, ఆ అన్నం ఏ చేత్తో వచ్చిందో తెలీకుండా ఇంతవాడివయ్యావు. నిన్ననడానికి లేదు. ఆ రోజుల్లో మగపిల్లలంతా అంతే.

నీ జాబు చదివి నాకూ నమ్మకం కుదర్లేదు. ఇన్నేళ్లుగా కుక్కర్ మీట నొక్కడమేగా, చెయ్యి ఏం చేసేదో మర్చిపోయా. అందుకే గిన్నె మాడబెట్టా. ఆలోచించకుండా చెంచా అందుకుంటే ఎడమ చెయ్యే వెళ్లింది. ఎన్నిసార్లు మాడబెట్టినా అదే. ఆ పిచ్చిపిల్ల దూరం నుంచి చూసి ఏడుస్తోంది. దానికేం చెప్పను? ముందు నీకే చెప్పాలనిపించింది. మనసు కూడగట్టుకుని కలం పట్టేసరికి ఇన్నాళ్లైంది.

అత్తింట్లో ఈ సంగతి తెలిసింది ఒక్కరికే. పెళ్లైన మొదటి చలికాలం, ఓ పొద్దున నిప్పుకని ఆయన గుమ్మం దాకా వచ్చి చూశారు. నేను భయంతో చెయ్యి వెనక్కి లాక్కున్నా. నవ్వి వెళ్లిపోయారు. మర్నాడు చూస్తే నా చెంచా కాడకి రంధ్రం వేసి, తాడు కట్టి, పొయ్యికి ఎడమ పక్క మేకుకి తగిలించి ఉంది. అత్తగారు అడిగితే "అక్కడైతే దారికి అడ్డం రాదు" అన్నారు. ఆయనకి బరమా పట్టడం చేతకాదు. మొదట వేసిన చోట జారిపోతే సగంలో వదిలేసి, పక్కన ఇంకోటి వేశారు. రంధ్రం కాడకి నడిమధ్య ఉండదు. దాని పక్కన సగంలో ఆగిన గుంట ఉంటుంది.

ఆ మట్టి తీయించు. ప్యో గారికి ముందు ఏమీ చెప్పకు, తీశాక చెప్పు. గుంట లేకపోతే నేను ముసలి పిచ్చిదాన్నే, పోహాంగ్‌కి తీసుకుపో. ఆ డాక్టర్‌కి రెండు స్క్విడ్ మూటలు కూడా తెస్తా.

అది ఉండకూడదని దండం పెట్టుకుంటున్నా. ఉండాలనీ పెట్టుకుంటున్నా. దేవుడికి ఏం అర్థమవుతుందో ఏమో!

జొమ్రే

*

వేగ్వాన్
సెప్టెంబర్ 22

పెద్దమ్మా,

తుఫానుకి పడవలు ఆగి నీ జాబు మొన్న చేరింది. చదువుతూనే చెప్పులు వేసుకున్నాను. నేను చేరేసరికి ఆ పెట్టె లారీ పక్కన ఉంది. పరుగెత్తడం నావల్ల కాదని మీ కోడలు అంటుంది, వచ్చి చూడాల్సింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. ప్యో గారికి ఏమీ చెప్పలేదు. "కాడ చివర మట్టి తీసి చూడండి, ఎందుకని అడక్కండి" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, కుర్చీ లాక్కుని, వెదురు పుల్లతో మొదలుపెట్టింది. ఇనుము తగిలితే గీత పడుతుందట. ముందు ఆకుపచ్చ చిలుము కనపడింది. తర్వాత ఒక రంధ్రం. మధ్యలో లేదు, పక్కకి ఉంది.

ఆవిడ ఆగి, "ఈ పక్కన ఇంకేదో ఉంది, సగం వేసి వదిలేసినట్టు" అంది.

నీ జాబు ఆవిడ చేతిలో పెట్టాను. చదివింది. నోట్లో బిళ్ల తీసి కాగితంలో చుట్టి జేబులో వేసుకుంది. "నేను లోహాన్ని చూసి ఆడమనిషిది అన్నాను. అది నిజమే. ఆడమనిషి చెంచా మగవాడి దగ్గర ఎందుకుండకూడదూ, అది ఆలోచించలేదు" అంది. తర్వాత, "మట్టి కింద ఏముందో తీయకముందే చెప్పగలిగింది ఆవిడ ఒక్కర్తే. ఇంతకంటే గట్టి రుజువు నా ఉద్యోగంలో నేను చూడలేదు" అని, తన చేత్తోనే చీటీ మీద పేరు రాసింది. తక్ ఇన్‌బొమ్, మోతపని. వస్తువు: భార్య చెంచా.

పెద్దమ్మా, ఆయన నీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లలేదు.

నేనింక ఏమీ అడగను. ఆయన ఎక్కడో బతికే ఉన్నాడని, కొండ మీద చెంచా జారవిడుచుకుని వెళ్లిపోయాడని నువ్వంటే నేనూ అలాగే అంటాను. గిన్నె దుప్పటి కిందే ఉండనీ. తొమ్మిదో నెల తొమ్మిది అక్టోబర్ ఆరున వస్తోంది. రమ్మంటే వస్తాను. వద్దంటే చెంచా మాత్రం పంపుతాను. కుటుంబానికి ఇవ్వడానికి సైన్యం వాళ్లు ఒప్పుకున్నారు.

డాక్టర్ మాట అన్నందుకు నన్ను క్షమించు.

నీ
కిహున్

*

ఉల్లుంగ్ దీవి
సెప్టెంబర్ 29

నాయనా కిహున్,

రా.

నా కోడల్నీ తీసుకురా. పడవలో కడుపు తిప్పుతుంది, ఎండిన అల్లం ముక్క బుగ్గన పెట్టుకోమను.

నీ జాబు చదివి ఆ రోజంతా ఏడ్చా. హ్యాంగ్‌సిమ్‌కి అంతా చెప్పా. అదీ ఏడ్చి, నా ఎడమ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, ఇప్పుడే కొత్తగా మొలిచినట్టు. "నాన్నకి తెలుసా?" అంది. తెలుసన్నా. ఎందుకో దానికి అది చాలా నచ్చింది. వాళ్ల నాన్న గురించి నేనెన్ని చెప్పినా ఎప్పుడూ అంతలా వినలేదు.

జారవిడుచుకున్నాడంటే నేనూ అలాగే అంటానన్నావు. నీ మనసు నాకు తెలుసు. కానీ నాకు ఆయనా తెలుసు కదా. తన చెంచా నాకు వదిలేసి, నా చెంచా తను తీసుకెళ్లారు. అది చేతిలోంచి జారితే కొండంతా వెతికి గానీ కదిలే మనిషి కాదు. దాన్ని వదిలి ఆయన ఆ బండ దాటి వెళ్లలేదు. నీ ప్యో గారికి ఆ గుంట రుజువు. నాకు ఇది రుజువు.

ఆయన తిరిగొచ్చి తింటారని ఇన్నేళ్లు గిన్నె కప్పి ఉంచా. ఆయన నాతోనే తింటున్నారని నాకేం తెలుసు!

ఆరో తారీఖున గిన్నె మూత తీస్తా. తద్దినం బల్ల మీద నువ్వు సారా పొయ్యి, దండాలు పెట్టు, అవన్నీ మగవాళ్ల పనే, నేను అడ్డం రాను. ఒక్కటి మాత్రం నాకు వదిలెయ్యి. పోయినవాళ్లు తినాలని అన్నంలో చెంచా గుచ్చే పని. ఆడది గుచ్చకూడదని మా అల్లుడి తరఫు పెద్దలు గొణుగుతారు. గొణగనీ, నాకెలాగూ వినపడదు. "దీర్ఘాయువు" చెంచా నిన్ననే తోమిపెట్టా.

నా చెంచాని రుమాల్లో చుట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని తీసుకురా, సంచిలో పడేయకు. బల్ల మీద ముందు దాన్ని మా అత్తగారి పేరు రాసిన కాగితం ఎదురుగా పెట్టాలి. "దొరికిందత్తా, నేను పారెయ్యలేదు, మీ అబ్బాయే పట్టుకెళ్లాడు" అని చెప్పాలి. పాపం, ఆవిడ కొడుకు కోసం ఏడవలేక దాని కోసం ఏడ్చింది. ఆ మాట కూడా నాకు ఇప్పుడే అర్థమైంది.

ఆ తర్వాత ఇనప గిన్నెలో అన్నం వండి, మాడబెట్టి, నీకు మాడు గీకి పెడతా. చిన్నప్పుడు నీకు ఇష్టం కదా. ఈసారి వంటింట్లోకి వచ్చి నా పక్కన కూర్చుని చూడు. ఊడి పడేదేం లేదు.

ఆయన అన్నంలో చెంచా మాత్రం ఎడమచేత్తోనే గుచ్చుతా. అందరి ముందూ.

మీ పెద్దమ్మ
జొమ్రే